పూమా తెలుసు, టాటానగర్ తెలియదు



ఈసారి రాసింది కాస్త పొడుగైంది. భోజనాలయ్యాక తీరిగ్గా చదవండి. వచ్చే ఆదివారం మీటింగులో చేతులెత్తే ముందే మా మాట చెప్పేయాలని రాస్తున్నాం.

విషయం అందరికీ తెలిసిందే. ఉగాది నాడు సాయంత్రం, పంచాంగ శ్రవణం అయ్యాక, కింది హాల్లో వీడియో గేముల పోటీ పెట్టుకుంటామని మన కుర్రాళ్లు దరఖాస్తు ఇచ్చారు. అడిగింది ఒక్క పూట. దానికి గ్రూపులో మూడు రోజులు రగడ జరిగింది. యుద్ధం ఆటలు వద్దన్నవాళ్లే ఎక్కువ యుద్ధం చేశారు, ఏమీ అనుకోకండి.

డబ్బులు పెట్టి ఆడతారేమో అన్నది ఒక భయం. అది అక్కర్లేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పందెం ఆటల్ని నిషేధించింది, పోటీగా ఆడే ఈ-స్పోర్ట్స్‌ని వేరుగా గుర్తించింది. మనవాళ్లు అడిగింది రెండోది. బహుమతి ఏమిటంటే స్టీలు టిఫిన్ క్యారియరట. చదువు పాడవుతుందన్న మాట ఉంది. మన రోజుల్లో క్యారమ్స్ బోర్డు గురించి కూడా పెద్దవాళ్లు ఇదే అన్నారు. దాన్ని అక్కడితో వదిలేద్దాం.

మాస్టారి అభ్యంతరం వేరు. ఆయన గ్రూపులో రాయలేదు, మా ఇంటికి వచ్చి చెప్పారు. ఆయన్ని అడిగే ఇక్కడ రాస్తున్నాం. వాళ్ల నాన్నగారు గోపాలపురంలో ఓడెక్కి రంగూన్ వెళ్లి, బియ్యం మిల్లులో పనిచేశారు. మన గంజాంలో అలాంటి ఇళ్లు ఎన్నో. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాయి. ఓడల్లో చోటు దొరకని వేలమందితో పాటు ఆయన కూడా కొండలు దాటి, అరకాన్ మీదుగా నడిచి చిట్టగాంగ్ చేరారు. వెంట బయల్దేరిన తమ్ముడు చేరలేదు. "యుద్ధమంటే మా ఇంట్లో ఒక మనిషి తక్కువండీ. దాన్ని స్కోరు వేసుకుని ఆడతారా?" అన్నారు మాస్టారు. కాఫీ చల్లారిపోయింది గాని మా నోట జవాబు రాలేదు.

జవాబు వెదుక్కోవడానికి మేం రెండు వారాలు మా మనవడి పక్కన కూర్చున్నాం. వాడు ఆడాడు, మేం చూశాం. మొదట్లో మా కళ్లు తిరిగాయి. తర్వాత అలవాటైంది.

ముందు ఫోన్లో ఆడేది చూపించాడు, మీ ఇళ్లలో పిల్లలు ఆడేదే. ఫ్లేర్ గన్ కాలిస్తే ఆకాశం నుంచి పారాచూట్ కట్టుకుని ఒక ఉక్కు బండి దిగుతుంది. పేరు బీఆర్‌డీఎం. నేల మీద పరిగెడుతుంది, నీళ్లలో పడవలాగా పోతుంది. "ఇది ఆ యుద్ధంలోదేనా?" అని అడిగితే, "కాదు తాతా, ఇది తర్వాతది, రష్యాది, అరవైల్లో వచ్చింది" అన్నాడు. గోపాలపురం మిలిటరీ స్టేషన్‌కి వచ్చే బండ్లని ఫ్లాట్ వేగన్ల మీద టార్పాలిన్ కప్పి ఉండగా మేం చాలాసార్లు చూశాం. కింద చక్రాలు, పైన గుడ్డ. రైల్వే గుమాస్తాకి అంతవరకే కనిపించేది. కాగితం మీద బరువు, ఎత్తు, వెడల్పు ఉంటాయి. గుడ్డ కింద ఏముందో మా మనవడు ఫోన్లో చూపించేదాకా మాకు తెలియదంటే నమ్మండి.

ఆ తర్వాత కంప్యూటర్ తెరిచి వార్ థండర్ అనే ఆట పెట్టాడు. అందులో వాడికి ప్రాణం ఒక జర్మనీ బండి. పేరు పూమా. ఎనిమిది చక్రాల ఆర్మర్డ్ కారు. ట్యాంకులాగా గొలుసు పట్టీలుండవు, లారీలాగా టైర్లే. పైన తిరిగే టరెట్, దానికి 50 మిల్లీమీటర్ల ఫిరంగి. గంటకి 80 కిలోమీటర్లు దాటి పరిగెడుతుంది. వెనక వైపు కూడా ఒక డ్రైవరు సీటు ఉంటుంది, ముందుకు ఎన్ని గేర్లో వెనక్కి అన్ని గేర్లు. అందుకని మావాడు సందు చివర నుంచి ముక్కు బయటపెడతాడు, ఒక గుండు కాలుస్తాడు, తిప్పకుండానే అంతే వేగంగా వెనక్కి జారుకుంటాడు. అవతలివాడు తేరుకునేసరికి ఇంకో సందులో ఉంటాడు. పిల్లలకి ఎందుకు నచ్చుతుందో ఆ రోజు అర్థమైంది. మాకూ నచ్చింది. అబద్ధం ఎందుకు, ఒకసారి మేం కూడా నడిపాం. గోడకి గుద్దాం.

దాని ఇంజను టాట్రా అన్నాడు. మాకు టాటా అని వినిపించింది. "టాటా కాదు తాతా, టాట్రా, చెక్ కంపెనీ" అని వాడు నవ్వాడు. ఆ నవ్వు దగ్గరే మాకు అసలు సంగతి మొదలైంది.

ఎందుకంటే ఆ టాట్రా ఇంజను కథ వింతైనది. గాలితో చల్లారే ఆ పెద్ద డీజిల్ ఇంజను వేడి దేశాలకి పనికొస్తుందని, ఆఫ్రికా ఎడారి మనసులో పెట్టుకుని 1940లో జర్మనీ ఆర్డరిచ్చింది. బండి ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చింది 1943 సెప్టెంబరులో. ఆఫ్రికాలో జర్మనీ, ఇటలీ సేనలు చేతులెత్తేసింది అదే ఏడాది మే నెలలో. అంటే పెళ్లయ్యాక బాజాలు వచ్చాయి. ఏడాది తిరిగేసరికి తయారీ ఆపేశారు. మొత్తం చేసినవి 101. నూటొక్క బండ్లు. మన సంఘం వనభోజనాలకి వచ్చే మోటారు సైకిళ్లు అంతకంటే ఎక్కువ ఉంటాయి.

అదే ఆఫ్రికా ఎడారిలో, అదే యుద్ధంలో, వేరే చక్రాల బండి ఒకటి తిరిగింది. మన దేశంలో 1940 నుంచి 1944 దాకా 4,600 పైగా తయారైంది. సర్కారు కాగితాల్లో దాని పేరు 'ఆర్మర్డ్ క్యారియర్, వీల్డ్, ఇండియన్ పాటర్న్'. జనం పెట్టుకున్న పేరు టాటానగర్.

అవును, మన టాటానగర్ స్టేషనే. ఖరగ్‌పూర్ దాటి మనం బండి దిగే ఊరు. ఆ స్టేషను పాత పేరు కాలీమాటి. మొదటి ప్రపంచ యుద్ధంలో అక్కడి ఉక్కు అక్కరకొచ్చిందని 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెడితే, స్టేషను టాటానగర్ అయింది. రెండో యుద్ధం వచ్చేసరికి ఆ స్టేషను పేరే ఒక యుద్ధం బండికి వచ్చింది. ఇంకే స్టేషనుకైనా ఆ గౌరవం దక్కిందా? మాకు తెలిసి లేదు.

బండి ఎలా తయారయిందో వినండి. కింది చట్రం, ఇంజను కెనడా నుంచి ఫోర్డ్ కంపెనీవి ఓడల్లో వచ్చేవి. గుండు దూరని రేకు టాటావాళ్ల ఉక్కు కర్మాగారంలో సాగదీసేవారు. ఆ రేకుని కోసి, తొడుగు కట్టి, బండిగా నిలబెట్టింది ఎవరనుకున్నారు? రైల్వే. ఈస్ట్ ఇండియన్ రైల్వే వర్క్‌షాపులు. ఇంజన్లు, పెట్టెలు బాగుచేసే చేతులు యుద్ధం బండ్లు కట్టాయి. ఇన్నేళ్లు రైల్వే అన్నం తిన్నాం, ఈ ముక్క మాకు ఏ ఆఫీసులోనూ ఎవరూ చెప్పలేదు. నాలుగున్నర వేల పైచిలుకు బండ్లంటే ఎన్ని ఇండెంట్లు, ఎన్ని జాబ్ కార్డులు, ఎంతమంది ఫిట్టర్లు, ఎంతమంది గుమాస్తాలు! అదే రోజుల్లో కొన్ని బ్రాంచి లైన్ల పట్టాలు పీకి పడమటి ఆసియాకి పంపారు. మన రైల్వే యుద్ధానికి ఇచ్చింది లెక్క కడితే పెద్ద పుస్తకమవుతుంది. యుద్ధం అయ్యాక 1945లో జంషెడ్‌పూర్‌లోని సింగ్‌భూమ్ రైల్వే వర్క్‌షాపుని టాటావాళ్లు కొని టెల్కో పెట్టారు. 1954 నుంచి అక్కడ లారీలు చేశారు. మన ఆస్కా రోడ్డు మీద పోయే టాటా లారీ వంశవృక్షం పైకి వెదికితే ఒక రైల్వే షెడ్డు తగులుతుంది.

ఇంత చెప్పాక మావాడు ఊరుకుంటాడా. వాడికున్న ఆటలన్నిటిలో టాటానగర్ కోసం వెదికాడు. స్నేహితుల కంప్యూటర్లలో కూడా చూశాడు. కంపెనీ ఆఫ్ హీరోస్ మూడో భాగం అని ఒక ఆట ఉంది, ఉత్తర ఆఫ్రికా, ఇటలీ యుద్ధాల మీద 2023లో వచ్చింది. అందులో బ్రిటిష్ పక్షానికి గుర్ఖాలున్నారు, భారత ఫిరంగి దళం ఉంది, హంబర్ అనే ఇంగ్లీషు ఆర్మర్డ్ కారు ఉంది. మన బండి వాడికి ఎక్కడా దొరకలేదు. నూటొక్కటి ఉన్న బండిని ప్రపంచంలో లక్షలమంది పిల్లలు నడుపుతున్నారు. వేలకు వేలు తయారైన బండి పేరు, అది తయారైన ఊరికి ఒక్క రాత్రి రైలు ప్రయాణం దూరంలో ఉన్న మన పిల్లలకే తెలియదు.

ఇది కుట్ర అని మేం అనడం లేదు. కొందరికి అన్నిట్లో కుట్ర కనిపిస్తుంది. ఆట అమ్ముడుపోవాలి. ఆట చేసేవాడు అందమైన బండిని, పెద్ద తుపాకీ ఉన్న బండిని ఎంచుకుంటాడు. టాటానగర్ అందగత్తె కాదు. రేకు అన్నిటికంటే మందమైన చోట 14 మిల్లీమీటర్లు. మొదటి రకాలకి పైకప్పే లేదు, పైనుంచి ఎండ, వాన, గుండ్లు అన్నీ లోపలికే. ఆయుధం ఒక బ్రెన్ మెషిన్‌గన్, ఒక బాయ్స్ రైఫిలు. ఫిరంగి లేదు. దాని పని ట్యాంకులతో కొట్లాడటం కాదు, ముందుకు వెళ్లి శత్రువు ఎక్కడున్నాడో చూసి రావడం, మనుషుల్ని చేరవేయడం, కాన్వాయికి కాపలా కాయడం.

మావాడు లెక్కలన్నీ చూసి ఒక మాటన్నాడు. "ఏటి తాతా, దీన్ని గేములో పెడితే ఒక్క దెబ్బకి పోద్ది. ఎవడెక్కుతాడు?"

మాస్టారికి జవాబు మాకు ఆ మాటలో దొరికింది.

ఎవడెక్కుతాడు అంటే, ఎక్కినవాళ్లున్నారు. ఎడారిలో, ఇటలీలో, బర్మాలో ఆ పైకప్పు లేని డబ్బాలో కూర్చుని వెళ్లినవాళ్లున్నారు. యుద్ధం చివరికి మన సైన్యం పాతిక లక్షలు, అందరూ తమంతట చేరినవాళ్లే. కొందరు దేశం కోసం, చాలామంది జీతం కోసం, ఇంట్లో తిండి గింజల కోసం. పూమా నడిపేవాడికి యుద్ధమంటే వేగం, గురి, తప్పించుకోవడం. దెబ్బ తగిలినా మళ్లీ బటన్ నొక్కితే కొత్త బండి. ఆ ఆటలో టాటానగర్ నడపాల్సి వస్తే పిల్లాడికి ముందు భయం తెలుస్తుంది. కనపడకుండా ఎలా ఉండాలి, ఎప్పుడు వెనక్కి తగ్గాలి, చూసిన సంగతి చెప్పడానికి ప్రాణంతో ఎలా తిరిగి రావాలి అని ఆలోచిస్తాడు. మాస్టారు చెప్పిన యుద్ధానికి ఈ బండే కాస్త దగ్గర. కనుక ఆటలో మన బండి లేకపోవడం చరిత్రకి జరిగిన చిన్న లోటు అనుకుంటే చాలదు. అది లేకపోబట్టే ఆటలో యుద్ధం అంత సులువుగా కనిపిస్తోంది.

బర్మా సంగతి వచ్చింది కనుక ఇంకో ముక్క. రంగూన్ నుంచి మనవాళ్లు తరిమేసినట్టు వచ్చేశారు గదా, మూడేళ్లకి తిరిగి అటు వెళ్లిన సేనల్లో 16వ లైట్ కావల్రీ ఒకటి. పాత మద్రాసు సైన్యం నుంచి వచ్చిన రెజిమెంటు అది. 1945లో ఆర్మర్డ్ కార్లతో ఇరావతి దాటి మేక్‌టిలా యుద్ధంలో పోరాడింది. దాని కమాండరు జయంతనాథ్ చౌధురి. పేరు ఎక్కడో విన్నట్టుందా? 1948 సెప్టెంబరులో హైదరాబాదులోకి సేనల్ని నడిపించి, తర్వాత అక్కడ మిలిటరీ గవర్నరైన చౌధురిగారే ఈయన. మన పిల్లలకి జర్మన్ ట్యాంకు కమాండర్ల పేర్లు నోటికి వచ్చు. ఈ పేరు మేం చెప్తే కొత్తగా విన్నారు. తప్పు వాళ్లది కాదు. మనం చెప్పలేదు.

యుద్ధ యంత్రాలు జనం నోట్లో ఎలా నిలుస్తాయన్నది ఒక చిత్రం. మేం చదువుకున్నది తమిళ మీడియంలో. తెలుగు రాత అమ్మ దగ్గర ఇంట్లో నేర్చుకున్నది, తప్పులుంటే దిద్దుకోండి. అక్కడ గడుసువాణ్ణి, ఎవరికీ లొంగనివాణ్ణి 'ఎమ్డన్' అంటారు. మా లెక్కల సారుకి అదే ముద్దుపేరు. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, అది జర్మన్ యుద్ధనౌక పేరని. 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు రేవు మీద కాసేపు గుండ్లు కురిపించి, నూనె ట్యాంకులు తగలబెట్టి పోయింది. ఆ కాసేపటికే నూరేళ్లు బతికే మాట పుట్టింది. భయపెట్టినవాడి పేరు భాషలో ఉండిపోయింది. ఏళ్ల తరబడి బండ్లు కట్టినవాళ్ల పేరుకి ఒక మాట కూడా మిగల్లేదు. ఇప్పుడు ఆ మాటలు పుట్టే చోటు ఈ ఆటలే. మా మనవడు తమ్ముడితో తగువుపడి జారుకుంటే, వాళ్ల చెల్లి "పూమా పోయింది" అంటోంది!

ఆటలో తుపాకి పడితే పిల్లలు హింసకి అలవాటుపడతారని ఒకరు రాశారు. మన బరంపురంలో ఠాకురాణి యాత్రలో ఎంతమంది పులివేషం కట్టలేదు? ఒంటికి పసుపు, నలుపు చారలు పూసుకుని వీధుల్లో ఆడినవాళ్లు మన కమిటీలోనే ఉన్నారు, పేర్లు చెప్పం. యాత్ర అయ్యాక ఎవర్నీ కరవలేదు. వేషానికి ఒక పద్ధతి ఉంది. మొక్కు ఉంది, పక్కన పెద్దవాళ్లుంటారు, వేషం దింపే రోజు ఉంది. పిల్లల ఆటకి లేనిది ఆ పక్కన నిలబడే పెద్దవాళ్లే. గది తలుపేసుకుని ఒక్కడే ఆడుకుంటే మంచిదా, మన హాల్లో పదిమంది ఎదుట ఆడితే మంచిదా? వద్దని చెప్పి పంపేస్తే వాళ్లు ఆట మానరు, హాలుకి రావడం మానతారు. ఇప్పటికే వాళ్లలో వాళ్లు ఒడియాలోనో ఇంగ్లీషులోనో మాట్లాడుకుంటున్నారు. ఉగాదికి రమ్మంటే ప్రసాదం టైముకి వచ్చి పోతున్నారు.

కనుక మా ఓటు అనుమతి ఇవ్వమనే. ఊరికే ఇవ్వొద్దు, కొన్ని షరతులు పెట్టండి.

పోటీ జరిగే గోడకి ఎదురు గోడ మనకి కావాలి. అక్కడ టాటానగర్ బండి బొమ్మ, లెక్కలు, తయారైన తీరు తెలుగులో పెద్ద అక్షరాలతో పిల్లలే రాసి అంటించాలి. పక్కన పూమా లెక్కలు పెట్టండి, ఎవరికి వాళ్లు పోల్చుకుంటారు. కొన్ని ఆటల్లో ఆడేవాళ్లే సొంతంగా బండ్లు చేసి కలుపుకోవచ్చట, మాడ్ అంటారట. మన కుర్రాళ్లలో ఇద్దరు ఇంజనీరింగ్ చదువుతున్నారు. వచ్చే ఏడాది ఉగాదికి టాటానగర్‌ని తెర మీద నడిపి చూపిస్తామంటే, దానికయ్యే ఖర్చులో కొంత సంఘం పెట్టుకోవడం తప్పు కాదు. గత ఏడాది షామియానాకి ఎంత పోశామో అందరికీ గుర్తుండే ఉంటుంది.

ఇంకొకటి, ఇది తొందరపడాల్సిన పని. రంగూన్ నుంచి నడిచి వచ్చినవాళ్ల పిల్లలు మన సంఘంలో ఇంకా ఉన్నారు. వాళ్లకే ఎనభై దాటుతున్నాయి. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు పడ్డప్పుడు ఊళ్లు ఖాళీ చేసి మనవైపు బంధువుల ఇళ్లకి వచ్చినవాళ్ల కథలున్నాయి. ఖరగ్‌పూర్‌లో, టాటానగర్‌లో తరాలుగా రైల్వేలో, ఉక్కు ఫ్యాక్టరీలో ఉన్న మన తెలుగువాళ్ల ఇళ్లల్లో ఎవరి తాతగారైనా ఆ బండ్ల రేకులకి రివిట్లు కొట్టి ఉండొచ్చు. మీకు అక్కడ చుట్టరికాలుంటే ఫోన్ చేసి అడగండి. పాత ఫోటో గాని, సర్వీసు కాగితం గాని ఉంటే ఫోటో తీసి పంపమనండి. ఫోన్లు పట్టుకుని కూర్చునే మన పిల్లలే ఆ మాటలు రికార్డు చేస్తారు. వాళ్లకి ఆ పని మనకంటే బాగా వచ్చు.

విశాఖలో కుర్సుర జలాంతర్గామిని బీచిలో పెట్టినప్పుడు మనం కుటుంబాలతో వెళ్లి లోపల దూరి చూశాం. ఆ ఇరుకు మంచాల మీద నావికులు ఎలా పడుకున్నారో చూసి మా ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. అక్కడ ఎవరూ యుద్ధం వద్దని బోర్డు పెట్టలేదు. లోపలికి రానిచ్చారు, అంతే.

నిన్న మాస్టారింటికి వెళ్లి ఇదంతా చెప్పాం. ఆయన అవునని గాని కాదని గాని అనలేదు. మావాడు తెరిచి చూపించిన టాటానగర్ ఫోటోని చాలాసేపు చూసి, "పైన కప్పు లేదేం?" అన్నారు. ఉగాది రోజు ఆయన బాబాయిగారి గురించి ఒక పది నిమిషాలు మాట్లాడమని అడిగాం. పోటీ మొదలయ్యే ముందు అయితే మాట్లాడతానన్నారు, తర్వాత అయితే గోలలో వినపడదట. కార్యక్రమం వేసేవాళ్లు ఇది గుర్తుంచుకోండి.

ఆదివారం ఉదయం పదికి మీటింగు. మా మనవడి కంప్యూటర్ మేం తెస్తాం. హాల్లో ప్లగ్ పాయింట్లు మూడే ఉన్నాయి, అందులో ఒకటి ఫ్యానుది. ఎక్స్‌టెన్షన్ బోర్డు పొడుగుది ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.